నీట మునిగి తేలు గుడి

నంద్యాల జిల్లా సంగమేశ్వరమున, కృష్ణాతీరమున, ఒక చిన్న శివాలయము గలదు. కృష్ణ, తుంగభద్ర, భవనాశి మొదలుగా ఏడు నదులు కలియు చోటని దానికి ప్రతీతి. లింగము తెచ్చుటకు ఏగిన భీముడు ఆలస్యము చేయగా, ముహూర్తము మించకుండ ధర్మరాజు వేపమొద్దునే లింగముగ ప్రతిష్ఠించెనని స్థలపురాణము.

శ్రీశైల జలాశయపు పూర్ణమట్టము 885 అడుగులు. ఆ నీట మునిగిన ఈ గుడి 2003లో తిరిగి కన్పట్టినది. అటుపిమ్మట వేసవిలో నీరు బాగుగ తగ్గినపుడెల్ల బయటపడుచున్నది. బురద కడిగి దీపము పెట్టుదురు; నీరు మరల గర్భగుడి సోకగనే కడపటి హారతి యిచ్చి గట్టెక్కుదురు.

పైరునకును, మన యిండ్ల విద్యుత్తునకును ఆ నీరే ఆధారము గనుక దానిని నిందింపజాలము. వేపమొద్దు ఇంకను చెడలేదని అక్కడివారు విస్మయముతో చెప్పుదురు. నీరు తీసినపుడెల్ల చీపురు చేతబట్టి దిగివచ్చు వారి పట్టుదల ఆ కొయ్యకంటెను గట్టిదని మాకు తోచుచున్నది.