రక్తనాళవ్యాధికి మందు వెదకుటయు, మన ధర్మనిధియు
(కల్లూరు వార్షిక మహాసభయం దొసంగిన ప్రసంగము)



సత్రములకును, విద్యార్థి వసతిగృహములకును మన సంఘము ధన మిచ్చుచున్నది. అది కన్నులకు గనబడు ధర్మము. కనబడని ధర్మ మొకదానిని గూర్చి మేము నేడు విన్నవింప సాహసించుచున్నాము. రక్తనాళముల లోగోడలలో కొవ్వు చేరి, వాచి, కాలక్రమమున గట్టిపడి, గుండెకును మెదడునకును బోవు నెత్తురు నడ్డగించు వ్యాధి మన యిండ్లలో నెందఱనో నడివయసుననే కొనిపోవుచున్నది. దీనికి మందు వెదకువారి కెవరు సొమ్మియ్యవలయును?

భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల యారంభమున అమెరికాకు బోవుటకు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ ద్రవ్యసాహాయ్యము చేసెను. ఆయన మామగారును దోడ్పడిరి. ధర్మనిధి నేర్పఱచిన దాత కులము వేఱు, గ్రహీత కులము వేఱు. (కులసభలో నీ మాట యాడినందుకు మన్నింపుడు; ఆడకుండుట యింకను దప్పు.) తరువాత లెడర్లే పరిశోధనాలయమున నాయన నడపిన కృషినుండి మెథోట్రెక్సేట్ అను మందు పుట్టినది. క్యాన్సరునకును, కీళ్లవాతమునకును నేటికిని దానిని వాడుచున్నారు.

అది వాపు నణచును గనుక నాళవ్యాధికిని బనికివచ్చునేమో యని, అమెరికా ప్రభుత్వపు హృద్రోగపరిశోధన సంస్థ ద్రవ్యమిచ్చి 4,786 మందిపై బరీక్షింపజేసెను. చవుకమందు; లాభము లేనిచోట వర్తకు డేల వ్యయపెట్టును? 2018లో ఫలితము తేలెను: గుండెపోటులు తగ్గలేదు.

సుశ్రుతసంహితలోని మేదోరోగ ప్రసంగము నాధారముగా గొని సత్యవతిగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున గుగ్గులును బరీక్షించి 1966లో సిద్ధాంతగ్రంథము సమర్పించిరి. కుందేళ్లలో మేలు గనబడెను. 2003లో అమెరికాయందు వెలువడిన మానవపరీక్షలో మాత్రము చెడు కొలెస్టరాలు తగ్గలేదు. సంస్కృతము చదివిన మాకిది రుచింపలేదు; రుచింపకున్నను నిజమే. జపానులో ఎండోగారు వేలకొలది బూజులను శోధించి 1973లో వెలికిదీసిన పదార్థము నేటి స్టాటిను మందులకు మూలమయ్యెను. ఆ వేలలో దక్కినవన్నియు వట్టివే. మన సీమలో బావి త్రవ్వించువాడు జల పడినను బడకున్నను గూలి యిచ్చును గదా.

మన బిడ్డలకే చాలని సొమ్ము పరులకేల యని పోషకులలో నొకరిద్ద ఱడుగవచ్చును. మందు దొరకిననాడు మన బిడ్డలు పుచ్చుకొనరా?

మన నిధి వడ్డీలో బదవవంతు, 1956లో స్థాపింపబడిన కర్నూలు వైద్యకళాశాలయం దీ వ్యాధినిగూర్చి పరిశోధించు విద్యార్థి కొకనికి, ఏ కులమువాడైనను, మూడేండ్లు వేతనముగా నియ్యవలయునని మా ప్రార్థన. అతని పనియొక్క ఫలితమును, మందు దొరకకున్నను సరే, ఈ సంచికలోనే ప్రకటింపవలయును.