అంతర్జాలపు మాటలు



సర్వరు, రౌటరు అను మాటలు వినినంతనే మన పెద్దలలో పలువురు ఫోనును మనుమల చేతికిచ్చి యూరకుందురు. ఈ మాటలు తెలియమిచే ధననష్టము కలుగుచున్నది గావున వీనిని గూర్చి ముచ్చటింప నెంచితిమి.

మనము పంపు వార్త యొక్క ముద్దగా బోదు. చిన్న తునుకలై, ఒక్కొక్కటి చిరునామా ధరించి, వేర్వేరు దారుల బోయి గమ్యమున మరల గూడుకొనును. ఆ తునుకయే ప్యాకెట్టు. బెజవాడ జంక్షనువలె దారి మలపునది రౌటరు. అడిగినవారికి కాగితము నందిచ్చు కంప్యూటరు సర్వరు. పూర్వపు కరణముగారి కచ్చేరివంటి దనవచ్చును. చిరునామాలు నిజమునకు అంకెలు. అవి జ్ఞాపకముండవు గనుక పేరు చెప్పిన అంకె నిచ్చు డి.ఎన్.ఎస్. అను పద్ధతిని 1983లో కల్పించిరి.

మోసము పొంచియున్న దీ పేరులోనే. దానిని కుడినుండి చదువవలెను. ఏటవాలు గీతకు ముందు, తుదినున్న రెండుమూడు మాటలే యజమానిని దెలుపును. ఎడమప్రక్కన బ్యాంకు పేరు నెవ్వడైనను తగిలింపవచ్చును. రామయ్యగారి యింటియెదుటి సోమయ్య యిల్లు సోమయ్యదే గదా! తాళము గుర్తును జూచియు మురియరాదు. దారిలో నితరులు చదువలేరనియే దాని యర్థము; దొంగకు వ్రాసిన యుత్తరమును గూడ లక్కముద్ర కాపాడును.

ఓ.టి.పి. యన పెట్టె తాళపుచెవి. బ్యాంకువారు దాని నడుగరు. మోసపోయినవారు సిగ్గుపడక తత్క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. జాగు చేసినకొలది సొమ్ము చేతులు మారిపోవును.