నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్: నా యాప్ ఫెయిల్, గూగుల్ ఫామ్ పాస్

ఫోన్ రివ్యూ కోసం వచ్చినవాళ్ళు ఈ ఒక్క వారం క్షమించాలి, ఇవాళ అన్‌బాక్సింగ్ లేదు. మా నాన్న గురించి, ఆయన ఫోన్ గురించి మాట్లాడతాను. అడిగాకే రికార్డ్ చేస్తున్నా. "పేరు చెప్పకు, ఊరు చెప్పకు, మిగతాది చెప్పుకో. ఎవరికైనా పనికొస్తుంది" అన్నారు.

నాన్నకి 67 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. రాత్రి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంటే షుగరేమో అనుకున్నాం, తర్వాత వయసు అనుకున్నాం. నడుం నొప్పంటే, అన్నేళ్ళు స్టీరింగ్ పట్టుకున్నారు కదా, మామూలే అనుకున్నాం. పోయినేడాది పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించాం. మామూలుగా 4 దాటితే డాక్టర్లు ఇంకాస్త చూద్దాం అంటారు. నాన్నకి 186 వచ్చింది. బయాప్సీ, స్కాన్లు అయ్యాక తేలింది, ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకల్లోకి కూడా వెళ్ళింది.

ఇక్కడ ఒక్క మాట. రాత్రి లేచే ప్రతి నాన్నకీ క్యాన్సర్ ఉండదు. ఎక్కువమందికి వయసుతో ఆ గ్రంథి మామూలుగా ఉబ్బడమే కారణం. కానీ ఏది ఏదో చెప్పాల్సింది యూరాలజిస్టు, మనం కాదు.

ఈ క్యాన్సర్‌కి తిండి టెస్టోస్టెరాన్. అందుకే దాన్ని ఆపడానికి మూడు నెలలకోసారి ఇంజెక్షన్ ఇస్తారు. దాంతోపాటు నాన్నకి అబిరాటిరాన్ అనే మాత్రలు రాశారు. ఒక్కోటి 250 మి.గ్రా., రోజుకి నాలుగూ ఒకేసారి, ఖాళీ కడుపున. పక్కన చిన్న డోసు స్టెరాయిడ్.

నేనేం చేశాను? ఇంజనీర్ని కదా, యాప్ రాశాను. రెండు వీకెండ్లు ఫ్లట్టర్‌లో కూర్చున్నా. మాత్రలకి అలారం, వేసుకున్నాక నొక్కడానికి పెద్ద పచ్చ బటన్, నా ఫోన్‌లో డాష్‌బోర్డ్. డార్క్ మోడ్ కూడా పెట్టాను, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. వరసగా 41 రోజులు పచ్చ టిక్కులే. ఆఫీసులో నలుగురికి చూపించి మురిసిపోయాను.

తర్వాత ఒకరోజు అమ్మ ఫోన్. "మీ నాన్నకి పిక్కలు పట్టేస్తున్నాయిరా. రాత్రంతా నూనె రాస్తూనే ఉన్నా." ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ 170, రక్తంలో పొటాషియం బాగా తక్కువ. మాత్రలు ఎలా వేసుకుంటున్నారని డాక్టర్ గారు అడిగితే నేను గర్వంగా డాష్‌బోర్డ్ తీశాను. ఆవిడ ఫోన్ వైపు కూడా చూడలేదు. నాన్ననే అడిగారు.

"అలారం మోగగానే వేసేసుకుంటానండి, ఏడున్నరకి. అప్పుడే టిఫిన్ అవుద్ది."

ఏడున్నర టైమ్ పెట్టింది నేనే. హైదరాబాద్ హాస్టల్లో మాకు టిఫిన్ తొమ్మిదిన్నరకి. మా ఇంట్లో ఏడింటికల్లా ఇడ్లీ అయిపోతుందన్న సంగతి ఆరేళ్ళలో మర్చిపోయాను. ఈ మాత్ర ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు. తిండితో వేసుకుంటే రక్తంలోకి చాలా ఎక్కువ మందు వెళ్తుంది. కొవ్వు ఎక్కువున్న భోజనంతో అయితే పది రెట్ల దాకా వెళ్ళొచ్చట. బీపీ పెరగడం, పొటాషియం పడిపోవడం ఈ మందుకి తెలిసిన సైడ్ ఎఫెక్టులే. "టిఫిన్‌తో కలవడం వల్ల ఎక్కువయి ఉండొచ్చు" అన్నారు డాక్టర్ గారు. నన్నేమీ అనలేదు. అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

నా పచ్చ టిక్కుకి తెలిసింది ఒక్కటే, ఎవరో బటన్ నొక్కారని. 41 రోజులు నేను కొలిచింది అదే.

టైమ్ పొద్దున ఐదింటికి మార్చాం. ఫస్ట్ సర్వీస్ నడిపిన మనిషి, నాలుగున్నరకి ఎలాగూ మెలకువే. ఆరు దాటాకే టీ. బీపీ మందు మార్చారు, పొటాషియం ఇచ్చారు, పిక్కలు సర్దుకున్నాయి.

అప్పుడు కూర్చుని చదివాను. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్‌లో ఈథన్ బాష్ అనే డాక్టర్ బృందం చేసిన ట్రయల్ ఒకటుంది, 2017లో జామా జర్నల్లో దాని ఫలితాలు వచ్చాయి. 766 మంది ముదిరిన క్యాన్సర్ పేషెంట్లు, వాళ్ళలో మూత్రవ్యవస్థకి సంబంధించిన క్యాన్సర్లవాళ్ళూ ఉన్నారు. కొంతమంది తమ బాధల్ని ఆన్‌లైన్ ఫామ్‌లో రాసి పంపేవాళ్ళు, మిగతావాళ్ళకి మామూలు చికిత్స. మధ్యస్థంగా చూస్తే మామూలు చికిత్సవాళ్ళు 26 నెలలు బతికారు, ఫామ్ నింపినవాళ్ళు 31.2 నెలలు. ఐదు నెలల తేడా! సాఫ్ట్‌వేర్‌గా చూస్తే అందులో గొప్ప ఏమీ లేదు, పన్నెండు లక్షణాల మీద ప్రశ్నలు. కానీ బాధ ముదిరితే నర్సుకి ఈమెయిల్ వెళ్ళేది. అటువైపు చదివే మనిషి ఉంది. నా యాప్‌లో అటువైపు ఉన్నది గ్రాఫ్.

యాప్ తీసేశాను. తెలుగులో ఒక గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్‌లో నాన్నకి లింక్ పంపాను, వారానికోసారి. ప్రశ్నలు నా సొంతం కాదు. ఐపీఎస్ఎస్ అని యూరాలజిస్టులు ఎప్పటినుంచో వాడే ప్రశ్నావళి ఉంది. మూత్రం గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 35. ఎనిమిదో ప్రశ్న వేరేగా లెక్కిస్తారు: ఇప్పుడున్న ఈ పరిస్థితితోనే మిగతా జీవితం గడపాల్సి వస్తే మీకెలా ఉంటుంది? సున్నా అంటే సంతోషం, ఆరు అంటే భరించలేను.

మీకు చెప్పాలి, ఫోన్లో నాన్న ఎప్పుడడిగినా "బానే ఉన్నాన్రా" అనే. ఇంజెక్షన్ వల్ల ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి, ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడిసిపోతుందని అమ్మ చెప్తే తెలిసింది. "మీ అమ్మకి ఆ వయసులో వచ్చినవి నాకొచ్చాయేంట్రా" అని ఒక్కసారి నవ్వేసి ఊరుకున్నారు. ప్యాడ్ పెట్టుకుంటున్న సంగతి కొడుక్కి ఎలా చెప్తారు?

మొదటి ఫామ్ వచ్చింది. మొత్తం 24. ఎనిమిదో ప్రశ్నకి ఆరు. పక్కన టైమ్‌స్టాంప్ చూశాను, తెల్లవారుజాము 2:47. తర్వాతి వారం 3:10. అన్నిటికంటే ఎక్కువ ఆ కాలమే చెప్పింది, దాని గురించి నేను ప్రశ్న కూడా పెట్టలేదు.

స్క్రీన్‌షాట్లు డాక్టర్ గారికి చూపించాం. ఈసారి ఫోన్ చేతిలోకి తీసుకుని చదివారు. స్కాన్ చేస్తే బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవట్లేదని తేలింది. ఒక మాత్ర కలిపారు, సాయంత్రం తర్వాత నీళ్ళు తగ్గించమన్నారు. ఆరు వారాల్లో 24 కాస్తా 13 అయింది. ఫామ్ రాత్రి రెండింటికి కాకుండా పగలు పదకొండింటికి రావడం మొదలైంది.

ఒకటి మాత్రం ఫోన్‌లో పెట్టలేదు. క్యాన్సర్ ఎముకల్లో ఉన్నవాళ్ళకి ఉన్నట్టుండి కాళ్ళు బలహీనమైనా, తిమ్మిరెక్కినా, మూత్రం గానీ మలం గానీ పట్టు తప్పినా, వెన్నుపాము నొక్కుకుంటోందేమో అని అనుమానించాలి. అది వారం ఫామ్‌లో రాసే విషయం కాదు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. పెద్దక్షరాలతో ప్రింట్ తీసి క్యాలెండర్ పక్కన గోడకి అంటించాను. అమ్మ ఫోన్ చూడదు, క్యాలెండర్ రోజూ చూస్తుంది.

ఇంకోటి, రిపోర్టుల పీడీఎఫ్‌లు ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. నేను పెట్టాను. సాయంత్రానికల్లా మాకు తెలియని ఊళ్ళనుంచి పరామర్శలు, దాంతోపాటు ఏదో కషాయం వీడియోలు.

పోయిన నెల నాన్న అడిగారు, "అన్నీ ఉచ్చ గురించేనా? మనసు గురించి ఒక్కటీ లేదేంట్రా నీ ఫామ్‌లో?" టెస్టోస్టెరాన్ ఆపితే దిగులు కూడా వస్తుందని డాక్టర్ గారు ముందే చెప్పారు, నేనే వదిలేశాను. ప్రశ్న ఏం పెట్టాలో తెలియక, "నాన్నా, నువ్వు వాయిస్ నోట్ పెట్టెయ్" అన్నాను.

ఇప్పుడు ఐదింటికి మాత్ర వేసుకుని, టీ కోసం ఆగే ఆ గంటలో పెడుతున్నారు. నేను మెట్రోలో వింటాను. నిన్నటిది నాలుగు నిమిషాలు. మొదటి నిమిషం నడుం నొప్పి, అది రాసుకుని డాక్టర్ గారికి పంపాను. మిగతా మూడు నిమిషాలు, ఒకప్పుడు వానలో గోదావరి వంతెన మీద బస్సు ఆగిపోతే ప్యాసింజర్లందరూ దిగి తోసిన కథ. మధ్యలో అమ్మ గొంతు, "టీ పెట్టెయ్యనా?" అని. "ఇంకా పది నిమిషాలుంది, ఆగవే" అంటున్నారు.