ఇంటి పిల్లికి సంతాన నివారణ చికిత్స



పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని చేయించి దానము చేసినగాని ఆ పాపము తీరదని మన పల్లెలలో తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ మాటలో దయ కలదు. కాని మన యిండ్లలో జరుగుచున్న పని వేరు. గాదె క్రిందనో అటక మీదనో పిల్లి నాలుగు పిల్లలను పెట్టును. ఇన్నింటిని సాకలేమను విసుగుతో ఎవరో యొకరు, కన్నులైన తెరవని ఆ కూనలను గోనెసంచిలో వేసి చెరువుగట్టున విడిచి వత్తురు. చంపలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొందురు. తల్లిపాలు లేని కూనలు అచట నెంతకాలము బ్రతుకును? ఇంటనున్న తల్లి మూల మూలల వెదకుచు అరచుచుండును. ఈ పాపమును ముందుగనే నివారించు మార్గ మొకటి కలదు. దానిని గూర్చియే నేడు మనవి చేయదలచినాను.

ఆడుపిల్లి పుట్టిన ఐదారు మాసములకే, కొన్ని నాలుగవ మాసముననే, ఎదకు వచ్చును. చూలు నిలిచిన తరువాత సుమారు 63 మొదలు 65 దినములలో పిల్లలను పెట్టును. ఒక్కొక్క కాన్పున సాధారణముగా మూడు నుండి ఐదు కూనలు పుట్టును. అవి పాలు త్రాగుచుండగనే తల్లి మరల ఎదకు రావచ్చును. ఇట్లు ఏటికి రెండు మూడు కాన్పులైనచో తల్లి శరీరము శుష్కించును. కూనలకు తావు దొరకదు.

కోడెదూడలకు విత్తులు కొట్టించుట మీ రెరిగినదే. ఆడుపిల్లికి చేయు చికిత్సయు ఆ జాతి పనియే. అయితే ఇది కడుపు లోపలి పని గావున పశువైద్యుడు ముందు మత్తుమందిచ్చి, పిల్లికి స్పృహ లేకుండ జేసి, పొట్టపై గాని ప్రక్కన గాని చిన్న కోత కోయును. అండాశయములను, తరచు గర్భాశయమును గూడ తీసివేసి, రక్తనాళములను ముడివేసి కుట్లు వేయును. చికిత్స జరుగునప్పుడు పిల్లికి నొప్పి తెలియదు. ఆ పిమ్మట నది ఎదకు రాదు, చూలు దాల్చదు.

ఒక్క కాన్పైన కానిచ్చిన మేలు గదా యని కొంద రడుగుదురు. అట్టి మేలేమియు లేదు. చికిత్స చేయించినచో ఎలుకలను పట్టుట మానునేమో యని మరికొందరి భయము. వేట పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణము. అది అండాశయములతో పోవునది కాదు. పైగా గర్భాశయమును చీము పట్టి ప్రాణము తీయు వ్యాధి తప్పును. పిల్లులకు వచ్చు రొమ్ముగడ్డలలో ఎక్కువ భాగము ప్రాణాంతకములు. మొదటి యేడు నిండకముందే చికిత్స చేయించినచో ఆ భయము మిక్కిలి తగ్గును. మత్తుమందు వలన అపాయము బొత్తిగా లేదనజాలను. ఆరోగ్యముగల పిల్లికి అది స్వల్పము.

చికిత్సకు ముందు ఎన్ని గంటలు పస్తుంచవలెనో వైద్యుని అడిగి తెలిసికొనుడు. కడుపు నిండియున్నచో మత్తులో వాంతియై ఊపిరి త్రోవలోనికి పోవచ్చును. చిన్నకూనను మాత్రము ఎక్కువసేపు పస్తుంచరాదు. మూతగల వెదురుబుట్టలో పాతబట్ట పరచి తీసికొనిపొండు.

వైద్యుని పని అంతటితో ముగియును. మన పని అప్పుడే మొదలగును. మొదటి రాత్రి పిల్లి తూలుచు నడచును. దానిని వెచ్చని, సందడిలేని గదిలో నేలమీదనే పడుకొనబెట్టవలెను. తెలివి వచ్చిన పిదప కొంచెము నీరు, కొంచెము మెత్తని ఆహారము పెట్టవలెను. 10 మొదలు 14 దినముల వరకు గోడ లెక్కుట, దూకుట కూడదు. గాయమును నాకకుండ మెడచుట్టు గరాటువంటి అడ్డు తొడుగవలెను. స్నానము చేయింపరాదు. గాయముపై పసుపు, నూనె, బూడిద మొదలగునవి పూయరాదు. మనుష్యులు వాడు పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి మ్రింగినను పిల్లి ప్రాణము పోవచ్చును. కావున నొప్పికి వైద్యుడిచ్చిన మందు తప్ప మరేదియు వాడకుడు.

మా యింటి పిల్లికి ఈ చికిత్స జరిగిన మూడవనాడు, అది హుషారుగా తిరుగుచున్నదని నేను గది తలుపు తెరచితిని. అది అటకపై కెగిరినది. కుట్లు తెగి నెత్తురు కారినది. మరల వైద్యునియొద్దకు కొనిపోయి కుట్లు వేయించవలసి వచ్చినది. తప్పు నాదే, బాధ దానిది. అందుకే ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను.

రోజునకు రెండుసార్లు గాయమును చూడవలెను. కొంచెము ఎరుపు, కొంచెము వాపు సహజము. చీము, దుర్వాసన, ఆగని నెత్తురు, కుట్లు విడిపోవుట, చిగుళ్లు తెల్లబడుట, మరల మరల వాంతులగుట, ఒకదినము గడచినను ఆహారము ముట్టకుండుట – వీనిలో నేది కనబడినను ఆలస్యము చేయక వైద్యశాలకు తీసికొనిపోవలెను. కుట్లు వానియంతట కరగునవో, తీయించవలసినవో ముందే అడుగుడు. చికిత్స పిమ్మట పిల్లికి ఆకలి హెచ్చును గాని శరీరమునకు వలయు ఆహారము తగ్గును. కొసరి కొసరి పెట్టినచో కొవ్వెక్కును.

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునందురు. తన బిడ్డలకు చోటు దొరకదను భయము ఆ జంతువునకే యున్నది. ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. అయినను చట్టముకంటె పెద్దల మాటకు పల్లెలో బలమెక్కువ. మీ యింట ఆడుపిల్లి యున్నచో పశువైద్యుని కలిసికొనుడు. మీ వైద్యశాలలో ఈ చికిత్స లేనిచో ఎచట చేయుదురో అడిగి తెలిసికొనుడు. ఆపైన పదునాలుగు దినములు ఓర్పుతో కాపాడుడు. అటుపిమ్మట మీ యింటినుండి ఏ గోనెసంచియు చెరువుగట్టునకు పోవలసిన పనియుండదు.

సెలవు.