పత్రిని ఎరిగి పూజిద్దాం

(బాలబాలికల ఏకదిన ప్రకృతి శిబిరం ముగింపు వేళ తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వినాయక చవితినాడు మనము స్వామిని 21 విధముల పత్రితో అర్చిస్తాము. మాచీపత్రంతో ఆరంభమై అర్కపత్రంతో ముగిసే ఆ వరుస పెద్దలలో పలువురికి కంఠస్థమే. అయితే అపామార్గమంటే ఉత్తరేణి అనీ, సింధువారమంటే వావిలి అనీ, అర్జునమంటే మద్ది అనీ మన పిల్లలలో ఎందరు చెప్పగలరు? బజారులో కొన్న కట్టలో ఏ ఆకు ఏదో తెలియకయే మంత్రం చదివి సమర్పిస్తున్నాము. ఆ వరుసలోని దేవదారు హిమాలయ ప్రాంతపు వృక్షమనీ, మన మైదానాలలో సహజంగా పెరగదనీ కొనేవారు తలచుట అరుదు.

అందుచేతనే నేడు పిల్లలను కొండ దిగువకు తీసుకొని వెళ్ళాము. ఉత్తరేణి గింజలు వారి బట్టలకు అంటుకొని వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటున్నప్పుడు, ఆ మొక్క తన సంతతిని దూరప్రాంతాలకు పంపే ఉపాయమిదేనని చెప్పాను. ఆ పేరు మరల చెప్పవలసిన పని లేకపోయింది. మారేడుకు మూడేసి ఆకులు ఒకే కాడకు ఉండుటను, గరిక కణుపు కణుపునకూ వేరు దిగి నేలను పట్టుకొనుటను వారే కనుగొన్నారు.

ఉమ్మెత్త వద్ద ఒక చిన్నారి నన్నడిగింది: "దేవునికి పెట్టినదంతా ప్రసాదమే కదండీ, తులసి తిన్నట్లు దీనిని తినకూడదా?"

ఆ ప్రశ్న విన్నప్పుడు నా గుండె ఝల్లుమన్నది. పవిత్రమైనదని చెప్పి, విషమని చెప్పక విడిచిపెడితే పసివారు ఇట్లే ఆలోచిస్తారు. ఉమ్మెత్త మొక్క అంతా విషమే. గింజలు మరింత ప్రమాదకరం. గన్నేరు ఆకు గుండెపై పనిచేసే విషం. జిల్లేడు పాలు కంటిలో పడితే చూపునకే చేటు. ఈ మూడింటి ఆకులూ ఆ 21లో ఉన్నవే.

అయినా వాటిని చూసి భయపడి పెరికివేయమని నేను చెప్పను. ఆ జిల్లేడు ఆకును తిని పెరిగే సీతాకోకచిలుక గొంగళిపురుగును పిల్లలకు చూపించాను. మనకు విషమైనది దానికి ఆహారం. ఆ విషమే పక్షుల నుండి దానిని కాపాడుతుంది. ఈశ్వర సృష్టిలో ప్రతి మొక్కకూ ఒక స్థానమున్నదని చెప్పుటకు ఇంతకన్న మంచి పాఠం నాకు తోచలేదు.

తల్లిదండ్రులారా! రాబోయే చవితికి పిల్లలను వెంటబెట్టుకొని పత్రికి వెళ్ళండి. ఇరవై ఒక్కటీ దొరకకున్నా చింత లేదు. ఎరిగిన అయిదింటితోనైనా భక్తితో పూజించండి. కొమ్మలు విరువక, వేళ్ళు పెకలించక, కావలసినంతే కోయండి. సంస్కృతనామం వెంట తెలుగు పేరు పలికించండి. పెద్దలు చెప్పనిదే ఏ ఆకునూ నోట పెట్టరాదని నేర్పండి. కోసిన తరువాత చేతులు కడిగించండి. పొరపాటున ఎవరైనా మ్రింగితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, ఆ ఆకును వెంట తీసుకొని తక్షణమే ఆసుపత్రికి వెళ్ళండి.

విఘ్నేశ్వరుని కృప మీ బిడ్డలందరిపై ప్రసరించుగాక! స్వస్తి.