దంతధావనము: వేపపుల్ల చేయునది, చేయలేనిది
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలచే శబ్దమంజరి వల్లె వేయించినవాడనే కాని వైద్యుడను గాను. అయినను పండ్లను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నాకొక యర్హత కలదు. దవుడపండ్లలో మూడింటిని నా మూర్ఖత వలననే పోగొట్టుకొంటిని.

దంతకాష్ఠము పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును గలిగి యుండవలెనని సుశ్రుతాచార్యులు చెప్పిరి. చేదు చెట్లలో వేప, వగరు వానిలో చండ్ర, కారపు వానిలో కానుగ, తీపి వానిలో ఇప్ప శ్రేష్ఠములని నిర్ణయించిరి. చిగుళ్లను నొప్పింపరాదని హెచ్చరించిరి. సూక్ష్మదర్శిని లేని కాలమున కేవలము రుచినిబట్టి చేసిన యెన్నిక యిది!

పండ్లపాచిలో జీవులు కదలుచుండుటను 1683లో హాలండు దేశపు లీవెన్‌హుక్ వ్రాసి తెలిపెను. తీపిని, పిండిపదార్థములను ఆ క్రిములు పులియజేయగా పుట్టు ఆమ్లమే పంటిని కరగించునని 1890లో మిల్లరు అను దంతవైద్యుడు వివరించెను. 1924లో క్లార్కు అను నాతడు పుచ్చిన పండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అను క్రిమిని వేరుచేసెను. ఇది పంచదారనుండి జిగురు నల్లి, దానితో పంటిని పట్టుకొని కూర్చుండును. చెరువుమెట్లపై జారు పొరకును, ప్రొద్దుటి పంటిపై పొరకును మనవారు 'పాచి' యని యొకే పేరిడిరి. ఇంతకన్న సరియైన పేరు శాస్త్రజ్ఞులకును దొరకలేదని నా యభిప్రాయము.

ఈ పాచిపై చెట్లరసము లెట్లు పనిచేయును? లవంగనూనెలో ప్రధానాంశమగు యూజినాల్ క్రిముల పైపొరను చెఱచును. వగరునకు మూలమైన టానిన్లు ప్రోటీనులతో కూడి, క్రిములు పంటి కంటుకొనుటను తగ్గించును. వేపపుల్ల నీటిసారము క్రిముల జిగురును తగ్గించినదని 1996లో ప్రకటింపబడిన పరిశోధన మొకటి తెలిపినది. కాని యదంతయు ప్రయోగశాలలో. నోటిలోనన్ననో, ఉమ్మి యెడతెగక రసమును కడిగివేయును. పాచి లోతట్టున నున్న క్రిములకు రసము చేరుట కష్టము. కావున కొనను నమలి, కుంచెవలె చేసి, ఓపికతో రుద్దుటయే పుల్లకు ముఖ్యబలము. పుల్లను నోట నుంచుకొని వీధియరుగుమీద లోకాభిరామాయణము సాగించువారికి చేదు తప్ప దక్కునది స్వల్పము.

ఇక నా కథ. దవుడపన్ను నొచ్చినపుడెల్ల లవంగనూనెలో దూది ముంచి పెట్టుకొంటిని. నొప్పి యడగినది; రోగము పోయినదనుకొంటిని. లవంగము నరమును మొద్దుబరచునే కాని, గుంటను పూడ్చదు. ఎనిమిది మాసములకు దవుడ వాచి, చీముపట్టి, జ్వరము వచ్చినది. మూడు పండ్లను తీసివేసి, నాలుగవదానిని వైద్యుడు దక్కించెను. దానికి తాత్కాలికముగా పెట్టిన పూత యేమనుకొన్నారు? జింకు ఆక్సైడుతో కలిపిన యూజినాలే! నా దూదిలోని మందే, తెలిసినవాని చేతిలో.

మరియొక మాట. పంటి పైపొరను గట్టిపరచు ఫ్లోరైడు పని వేప చేయజాలదు. నల్లగొండ, ప్రకాశము ప్రాంతముల నీటిలోని ఫ్లోరైడు పండ్లను, ఎముకలను చెఱచినది కదా యందురు. మితిమీరిన ఫ్లోరైడు గల నీటిని దినమెల్ల త్రాగుట వేరు, తోమి యుమ్మివేయు పేస్టు వేరు.

మన విద్యార్థి వసతిగృహపు పెరటిలో వేపను, కానుగను నాటుదము. రాత్రిపూట తోముటకు పిల్లలకు ఫ్లోరైడు పేస్టు నిత్తము. ఏటేట నొక దంతవైద్యుని రావించి ప్రతి బిడ్డ నోరు చూపింతము. దాతలలో నొకరు ముందునకు వచ్చినయెడల, మొదటి సంవత్సరపు వ్యయములో సగము నా పింఛనునుండి చెల్లించెదను.