నెలలు నిండని బిడ్డ ఊపిరి - స్టీరాయిడ్ మందు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్టీరాయిడ్ అనగానే మన ఇళ్ళల్లో రెండు రకాల మాటలు వినపడతాయి. "అమ్మో, ఆ మందు వద్దు" అంటారు కొందరు. "ఆ సూది ఏదో వేసెయ్యండి డాక్టరుగారూ" అంటారు మరికొందరు. రెండూ సరికావు. ఒకే మందు వేళనుబట్టి, మోతాదునుబట్టి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో ఇది మరీ నిజం.

మన ఊపిరితిత్తుల్లో సన్నని గాలిబుడగలు ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడు అవి ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పదార్థం కాపాడుతుంది. నెలలు నిండని బిడ్డకు అది చాలదు, అందుకే ప్రతి ఊపిరికీ పెనుగులాడతాడు. ఈ సంగతిని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ అనే డాక్టర్లు తేల్చారు.

తరువాత వెంటిలేటర్లు వచ్చాయి, బిడ్డలు బతకసాగారు. కాని ఆ యంత్రం ఒత్తిడికీ, ఎక్కువ ఆక్సిజన్‌కూ లేత ఊపిరితిత్తులు దెబ్బతిని, కొందరికి ఆయాసం దీర్ఘవ్యాధిగా నిలిచిపోయింది. 1967లో నార్త్‌వే అనే డాక్టరు, ఆయన సహచరులు దీన్ని మొదట వివరించారు.

ఇక మందు సంగతి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తూ ఒక వింత చూశారు. కడుపులో ఉండగా స్టీరాయిడ్ అందిన గొర్రెపిల్ల, చాలా ముందుగా పుట్టినా ఊపిరి తీసింది! ఆయనా, హౌవీ అనే పిల్లల డాక్టరూ కలిసి 282 మంది తల్లులతో జరిపిన పరీక్ష ఫలితాలు 1972లో ప్రకటించారు. అనుకోకుండా ముందే కాన్పు వచ్చినవారిలో, మందు అందని తల్లుల బిడ్డలు మొదటి రోజుల్లోనే నూటికి 15 మంది పోగా, అందినవారి బిడ్డలు సుమారు 3 మందే పోయారు. అంటే ఆ సూది వేయవలసింది తల్లికి, అదీ కాన్పుకు ముందు.

ఇదే జాతి మందును 1980, 90 దశకాల్లో పుట్టిన బిడ్డలకే పెద్ద మోతాదుల్లో, వారాల తరబడి ఇచ్చారు. వెంటిలేటర్ నుంచి త్వరగా బయటపడుతున్నారని అందరూ సంతోషించారు. కాని ఆ పిల్లలు పెరిగాక చూస్తే, మందు అందినవారిలో, ముఖ్యంగా పుట్టిన తొలి వారంలోనే అందినవారిలో, నడక రాని, కాళ్ళూచేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఎక్కువగా కనిపించింది. 2002లో అమెరికా, కెనడా పిల్లల వైద్య సంఘాలు దీన్ని అలవాటుగా ఇవ్వవద్దని చెప్పాయి. ఈనాడు పూర్తిగా మానలేదు. వెంటిలేటర్ వదలలేని బిడ్డకు, తక్కువ మోతాదులో, కొద్దిరోజులు, తల్లిదండ్రులతో మాట్లాడి ఇస్తారు. అలా అడిగినప్పుడు భయపడి లేచిపోకండి. "ఎంత మోతాదు? ఎన్ని రోజులు? ఇవ్వకపోతే ఏమవుతుంది?" అని నిదానంగా అడగండి. అది మీ హక్కు.

ఇక మన చేతిలో ఉన్న పనులు. ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు అనే మాట వట్టిది. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. నెలలు నిండకముందే నొప్పులు వచ్చిపోతున్నా, ఉమ్మనీరు కారినా, రక్తం కనిపించినా "తెల్లారాక చూద్దాం" అనకండి. డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు సూదులు వేయాలి. అది పనిచేయడానికి వ్యవధి కావాలి. అందుకే ఆ ఒక్క రాత్రి ఎంతో విలువైనది. వెళ్ళేటప్పుడు మొదటి నెలల్లో తీసిన స్కానింగ్ కాగితం వెంట ఉంచుకోండి. ఎన్ని వారాలో తెలియకుండా ఈ మందు ఇవ్వడం మంచిది కాదు. బిడ్డను చూసుకునే వసతి ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి.

అలాంటి బిడ్డ ఇంటికి వచ్చాక బీడీ పొగ, కట్టెలపొయ్యి పొగ, చివరికి స్నానం చేయించి పట్టే సాంబ్రాణి పొగ కూడా దగ్గరికి రానివ్వవద్దు. నానమ్మలు, అమ్మమ్మలు నా మీద కోపగించుకోకుండా ఈ ఒక్క మాట మన్నించాలి.